చవక బైనాక్యులర్లలో ఫోకస్ సమస్యలు

బైనాక్యులర్లలో దృశ్యం మసకగానో జంటగానో కనిపించడం, కుదిరిన ఫోకస్ కాసేపటికే చెదిరిపోవడం, చక్రం బిగుసుకుపోవడం వంటి లోపాలను ఫోకస్ సమస్యలుగా పరిగణిస్తారు. తక్కువ ధర పరికరాల్లో ఇవి ఎక్కువ. కారణాన్ని బట్టి వీటిని మూడు రకాలుగా విభజించవచ్చు: కళ్లకు తగ్గట్టు సర్దుకోకపోవడం వల్ల వచ్చేవి, కదిలే భాగాలు వదులు కావడం లేదా బిగుసుకోవడం వల్ల వచ్చేవి, లోపలి పట్టకాలు స్థానం తప్పడం వల్ల వచ్చేవి. మొదటి రకాన్ని ఎవరికి వారే సరిచేసుకోవచ్చు. మూడో రకానికి నిపుణుడి చెయ్యి పడాలి.

నిర్మాణం

బైనాక్యులర్ అంటే పక్కపక్కన బిగించిన రెండు చిన్న టెలిస్కోపులు. ముందుండే వస్తుకటకం తలకిందుల ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. పట్టకాలు దాన్ని నిటారుగా మారుస్తాయి. కంటివైపు ఉండే అక్షికటకం పెద్దది చేసి చూపుతుంది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ పొందిన పట్టకాల అమరికే నేటికీ అనేక చవక మోడళ్లలో కనిపిస్తుంది. జర్మనీలోని జైస్ సంస్థ 1894లో పట్టకాల బైనాక్యులర్లను మార్కెట్‌లోకి తెచ్చింది.

పోరో రకంలో మధ్య చక్రాన్ని తిప్పితే రెండు అక్షికటకాలూ ఒకే అడ్డుపట్టీ మీద కలిసి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. రెండు కళ్ల చూపూ అందరికీ సమానంగా ఉండదు కాబట్టి, సాధారణంగా కుడి అక్షికటకానికి విడిగా తిరిగే వలయం ఒకటి ఉంటుంది. దీన్ని డయాప్టర్ వలయం అంటారు.

సర్దుకునే క్రమం

ఫోకస్ కుదరడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ వలయాన్ని పట్టించుకోకపోవడమే. మొదట రెండు గొట్టాలను దగ్గరకో దూరానికో వంచి, రెండు వృత్తాలూ ఒకే వృత్తంగా కనిపించేలా చూడాలి. తర్వాత దూరంగా, స్పష్టమైన అంచులున్న బోర్డునో స్తంభాన్నో ఎంచుకోవాలి. కుడి వస్తుకటకాన్ని మూతతో కప్పి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రంతో ఫోకస్ చేయాలి. ఆపై ఎడమ వస్తుకటకాన్ని కప్పి, చక్రాన్ని ముట్టకుండా, కుడి కంటికి స్పష్టత వచ్చేదాకా డయాప్టర్ వలయాన్ని మాత్రమే తిప్పాలి. ఈ పని జరిగేటప్పుడు కన్ను చికిలించకూడదు. వలయం నిలిచిన గీతను గుర్తుపెట్టుకుంటే, ఆ తర్వాత ఎంత దూరాన ఉన్నదాన్ని చూడాలన్నా మధ్య చక్రం ఒక్కటే చాలు. పరికరం చేతులు మారితే మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి.

హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి ఉన్నవారు కళ్లద్దాలు తీసి కూడా ఫోకస్ చేసుకోవచ్చు. అయితే మైనస్ పవర్ ఎక్కువగా ఉంటే చక్రం చివరిదాకా తిప్పినా దూరదృశ్యం అందకపోవచ్చు. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి ఫోకస్ చక్రం సాయపడదు. వారు అద్దాలతోనే చూడాలి, అప్పుడు కంటి దగ్గరి రబ్బరు కప్పులను మడుచుకోవాలి.

లోపాన్ని గుర్తించడం

ఒక్కో కంటితో విడివిడిగా చూస్తే స్పష్టంగా ఉండి, రెండు కళ్లతో చూస్తే బొమ్మ జంటగా కనిపిస్తే లోపం ఫోకస్ సర్దుబాటులో లేదు. పరికరం కింద పడి పట్టకాలు జరిగి ఉంటాయి. నిర్ధారణకు కరెంటు తీగ వంటి అడ్డగీతను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి మెల్లగా వెనక్కి జరపాలి. రెండు వృత్తాల్లో ఆ తీగ ఒకే ఎత్తులో ఉండకపోతే పట్టకాలు తప్పినట్టే. అలాంటి దానితో ఎక్కువసేపు చూస్తే తలనొప్పి వస్తుంది.

ఫోకస్ కుదిరి వెంటనే చెదురుతుంటే అడ్డుపట్టీ ఊగుతోందని అర్థం. కనుబొమలు ఒకవైపు గట్టిగా ఆనితే ఆ వైపు అక్షికటకం లోపలికి వంగుతుంది. ముఖానికి అదమకుండా తేలిగ్గా ఆనించి పట్టుకోవడమే దీనికి ఉపాయం. చక్రం తిప్పిన వెంటనే కదలిక రాకపోతే మరల మధ్య సందు ఉన్నట్టు లెక్క. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతూ స్పష్టతకు చేరుకుంటే ఆ తేడా ఇబ్బంది పెట్టదు.

రాత్రిపూట నక్షత్రం చుక్కలా కాక గీతలా కనిపిస్తే, ఒక గొట్టంలోంచి చూస్తూ పరికరాన్ని తిప్పాలి. గీత కూడా తిరిగితే లోపం పరికరానిది, తిరగకపోతే కంటిది. మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో మాత్రమే మసకబారడం చవక కటకాల సహజ పరిమితి, దానికి సర్దుబాటు లేదు. మండుటెండలో నేల నుంచి లేచే వేడిగాలి వల్ల దూరదృశ్యం అలలుగా కదిలితే తప్పు పరికరానిది కాదు. ఉదయం చల్లని వేళ చూస్తే తేడా తెలుస్తుంది.

మరమ్మతులో జాగ్రత్తలు

పాతబడిన గ్రీజు గట్టిపడితే చక్రం బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే మరలు అరుగుతాయి, అడ్డుపట్టీ విరుగుతుంది. కుట్టుమిషను నూనె వంటివి వేయకూడదు. అవి లోపలికి పాకి కటకాలపై పొరగా పేరుకుంటాయి. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో కటకాలపై బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి సిలికా జెల్ పొట్లంతో మూసిన డబ్బాలో దాచడం మేలు. పట్టకాలను సరిచేసే మరలను అనుభవం లేకుండా కదిలిస్తే తేడా మరింత పెరుగుతుంది.

కొనేటప్పుడు

పరికరంపై 8×40 అని ఉంటే 8 రెట్లు పెద్దదిగా చూపుతుందని, వస్తుకటకం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. పెద్దదనం పెరిగేకొద్దీ ఒకేసారి స్పష్టంగా కనిపించే దూరాల పరిధి తగ్గుతుంది, చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. అందుకే 7 లేదా 8 రెట్ల పరికరంలో ఫోకస్ కుదర్చడం 10 రెట్ల దానికంటే తేలిక. చవక జూమ్ మోడళ్లలో రెట్లు మార్చినప్పుడల్లా ఫోకస్ మారుతుంది, రెండు గొట్టాలూ సమానంగా జూమ్ కాకపోవడమూ మామూలే. ఫోకస్ అక్కర్లేదని అమ్మే స్థిర ఫోకస్ రకాల్లో డయాప్టర్ వలయం లేకపోతే రెండు కళ్ల చూపులో తేడా ఉన్నవారికి అవి పనికిరావు. దగ్గరి వస్తువులకూ అవి తగవు.

ఏ బైనాక్యులర్‌తోనైనా సూర్యుడిని చూడరాదు. తగిన సౌర ఫిల్టర్లు ముందు వైపు బిగించకుండా క్షణకాలం చూసినా చూపు శాశ్వతంగా పోవచ్చు. కొనే ముందు దుకాణం బయటికి వచ్చి దూరాన ఉన్న బోర్డును ఒక్కో కంటితోనూ, తర్వాత రెండు కళ్లతోనూ చదివి చూడాలి. అక్కడ జంటగా కనిపించే పరికరాన్ని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోకపోవడమే మంచిది.