పాత కంప్యూటర్‌లో వేడి ఎంతో కనిపించకపోతే

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకున్నాక ప్రాసెసర్ వేడి, ఫ్యాను వేగం కనిపించకపోవడం తరచూ ఎదురయ్యే ఇబ్బంది. చాలాసార్లు సెన్సర్ బాగానే ఉంటుంది, దాన్ని చదివే డ్రైవరే ఉండదు.

ఈ సెన్సర్లు రెండు చోట్ల ఉంటాయి. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ లోపలి వేడిని కోర్‌టెంప్ డ్రైవర్, ఏఎండీ కె8 తరం వాటిలో కె8టెంప్ చదువుతాయి. ఫ్యాను వేగం, వోల్టేజీ మదర్‌బోర్డు మీద ఉన్న వేరే చిప్ చెబుతుంది. ఐటీఈ, విన్‌బాండ్ చిప్‌లకు వేర్వేరు డ్రైవర్లు. ఏది కావాలో ఎల్‌ఎం-సెన్సర్స్ ప్యాకేజీలోని సెన్సర్స్-డిటెక్ట్ వెతికి చెబుతుంది.

2009లో వచ్చిన లినక్స్ 2.6.31 నుంచి, బయోస్ ఏసీపీఐ ద్వారా తన కింద ఉంచుకున్న చిరునామాలను ఇలాంటి డ్రైవర్లు ముట్టకుండా కెర్నల్ అడ్డుకుంటోంది. పాత కెర్నల్‌లో కనిపించిన ఫ్యాను వేగం కొత్తదానిలో మాయమైతే కారణం ఇదే కావచ్చు. ఈ అడ్డు తీసేసే బూట్ ఆప్షన్ ఉంది. కానీ బయోస్, డ్రైవర్ రెండూ ఒకేసారి చిప్‌ను తాకితే అంకెలు తప్పుగా రావచ్చు, ఫ్యాను అదుపు తప్పవచ్చు.

కదలకుండా 127 డిగ్రీలు చూపితే కంగారు వద్దు, ఏమీ తగిలించని పిన్ను సాధారణంగా అలాగే చూపుతుంది. అంకె పెరుగుతూ 90 దాటి, కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే మాత్రం డ్రైవర్ సంగతి తర్వాత. ముందు ఫ్యాను దుమ్ము దులపండి, హీట్‌సింక్ పేస్టు మార్పించండి.