డాబా మీది ఎండకు లెక్క

మన డాబాలకు ఎండను వాడుకోవడం కొత్త కాదు. వడియాలూ మిరపకాయలూ ఎండింది అక్కడే. ఆ ఎండను కరెంటుగా మార్చే దారి 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ చూపిన సిలికాన్ సెల్‌తో తెరుచుకుంది. కానీ దాన్ని పట్నపు ఇళ్లకు చేర్చింది సోలార్ పలక కాదు, మీటరు. మిగిలిన కరెంటు దాచడానికి బ్యాటరీ తప్పనిసరైనన్నాళ్లూ సోలార్ ఎక్కువగా కరెంటు తీగ చేరని ఊళ్ల దీపంగానే ఉండిపోయింది. గ్రిడ్డుకిచ్చిన యూనిట్లను బిల్లులో తగ్గించే నెట్ మీటరింగ్ వచ్చాకే డాబాకు లెక్క కుదిరింది.

ఇదంతా సబ్సిడీ మహిమేనని కొందరంటారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 ఇస్తున్న మాట నిజమే. అయితే సబ్సిడీ తగ్గించేది మొదటి ఖర్చును. ఆ తర్వాతి ఏళ్ల రాబడిని తేల్చేది మీటరు. అందుకే ఎన్ని పలకలు పెట్టాలో తేల్చుకునే ముందు ఏడాది బిల్లులూ, డాబా మీద పడే నీడా చూసుకోవాలి.