సింహాసనంపై పాదుకలు: రాజ్యాంగబద్ధ రాజరికం గురించి ఒక విచారణ

మహేశ్వరంలోని శివగంగ రాజరాజేశ్వరస్వామి ఆలయాన్ని అక్కన్న మాదన్నలు నిర్మింపజేశారని ఈ ప్రాంతపు పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటారు. గోలకొండ ప్రభువు కొలువులో మహామంత్రులుగా ఉన్న ఆ సోదరుల పేరు, రాజులకే రాజైన ఈశ్వరుని పేరు ఒకేచోట వినబడినప్పుడు మనస్సు సహజంగానే ఒక ప్రశ్న వైపు మళ్లుతుంది. సర్వాధిపత్యం ఈశ్వరునిదే అయితే, భూమిపై సింహాసనం ఎక్కినవాని స్థానమేమిటి? రాజ్యం చేసేవాడు, రాజుగా ఉండేవాడు ఒక్కడే కావాలా?

ఇది పుస్తకాలకు పరిమితమైన ప్రశ్న కాదు. "రాజు ఉన్నంతకాలం ధర్మం నిలిచింది, ఎన్నికలు వచ్చాక చెడింది" అనే మాటను సత్సంగాలలో ఎన్నోసార్లు విన్నాను. అనేవారి ఆవేదన నిజమైనదే. కాని వారు కోరుకొనే రాజు ఎవరో వారు ఆలోచించినట్లు తోచదు. ఇంగ్లండులోను, జపానులోను నేటికీ ఉన్న రాజ్యాంగబద్ధ రాజరికమా? లేక మన తాతలు చూసిన రాజరికమా? ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని కొలవడానికి మహేశ్వరం, ఇబ్రహీంపట్నం ప్రాంతంకన్న తగిన చోటు అరుదు.

మొదట శాస్త్రం మాట. ధర్మం క్షత్రంకన్న పైదని, దాని అండతో దుర్బలుడు సైతం బలవంతుని నిలదీయగలడని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. పురాణాలలో వేనుని కథ అందరికీ తెలిసినదే. తానే పూజ్యుడనన్న ఆ రాజును ఋషులు సంహరించారు. అతని దేహాన్ని మథించగా పుట్టిన పృథువు, శాంతిపర్వం ప్రకారం, ప్రతిజ్ఞ చేసిన పిదపనే రాజయ్యాడు. దండనీతికి లోబడి నడుచుకొంటానని, స్వేచ్ఛగా ప్రవర్తించనని అతడు మాట ఇచ్చాడు. అంటే మన సంప్రదాయంలో ప్రతిజ్ఞ ముందు, కిరీటం తరువాత. ఈ క్రమాన్ని మరచినవారే రాజును సాక్షాద్విష్ణువన్న మాటను పట్టుకొని వేలాడతారు.

ఇంతకన్న లోతైన నిదర్శనం రామాయణంలో ఉంది. నందిగ్రామంలో పదునాలుగు సంవత్సరాలు పరిపాలించినవాడు భరతుడు. సింహాసనంపై ఉన్నవి పాదుకలు. ప్రతి రాజకార్యాన్నీ ముందుగా పాదుకలకు నివేదించి ఆపై నిర్వహించేవాడు. గౌరవం ఒకచోట, కార్యభారం మరొకచోట. పాదుకలు ఆజ్ఞాపించలేవు, కోపగించలేవు, పక్షపాతం చూపలేవు. అయినా అవి ఉన్నందువల్లనే భరతుడు "ఇది నాది" అనుకోలేదు. నేటి రాజ్యాంగశాస్త్రవేత్తలు నిర్బంధ రాజరికానికి చెప్పే సమర్థన అంతా ఇంచుమించు ఇదే. 1867లో వాల్టర్ బేజట్ అనే ఆంగ్ల రచయిత, రాజుకు మంత్రులు సంప్రదించినప్పుడు అభిప్రాయం చెప్పే హక్కు, ప్రోత్సహించే హక్కు, హెచ్చరించే హక్కు, ఈ మూడే మిగిలాయన్నాడు. పార్లమెంటు ఆమోదించిన శాసనాన్ని ఇంగ్లండు సింహాసనం తిరస్కరించిన చివరి సందర్భం 1708 నాటిది. సింహాసనం ఖాళీగా లేదు, దానిని ఏ పక్షనాయకుడూ ఆక్రమించలేడు. అక్కడ కూర్చున్నవారు పరిపాలించరు. పాదుకల పని అదే.

ఇక మన నేల. గోలకొండలో 1672లో సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా, కొద్దికాలానికే రాజ్యభారాన్ని మాదన్నకు అప్పగించాడు. హనుమకొండ ప్రాంతం నుంచి వచ్చిన ఆ బ్రాహ్మణ సోదరులు పుష్కరకాలంపాటు రాజ్యాన్ని నడిపారు. ప్రభువు కొలువులో, కార్యం మంత్రి చేతిలో. చూడడానికి నేటి ఏర్పాటు వలెనే ఉంటుంది. కాని దాని ఆధారం ఒక్క రాజు అనుగ్రహమే. శాసనం లేదు, ప్రతిజ్ఞ లేదు, మంత్రిని నిలబెట్టే సభ లేదు. మొగలుల దండయాత్ర ముంచుకొచ్చినప్పుడు, 1686లో, అంతఃపుర కుట్రకు ఆ సోదరులిద్దరూ గోలకొండ వీథిలో బలి అయ్యారు. మరుసటి ఏడే కోట పడిపోయింది. వారి మరణాన్ని మతవైరంగా మాత్రమే చెప్పుకోవడం మనకు అలవాటు. అందులో సత్యం లేకపోలేదు. కాని నియమంపై కాక వ్యక్తి దయపై నిలిచిన అధికారం ఎంత సులభంగా తెగిపోతుందో కూడా ఆ వీథి చూపింది.

దీనికి భిన్నమైన సాక్ష్యం నాలుగు శతాబ్దాలకు పూర్వమే ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుపాను తాకిడికి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా పట్టుకొనేవారని, తాను నియతమైన సుంకం తప్ప వేరేమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. ఆ శిలను చెక్కమని అతణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు. తన చేతిని తానే కట్టుకొని, ఆ కట్టును అందరూ చదివేలా రాతిపై నిలిపాడు. రాజ్యాంగం అన్న మాటకు నేనిచ్చే నిర్వచనం ఆ రాయే.

ఇప్పుడు ఇటీవలి చరిత్రకు వద్దాం. హైదరాబాదు రాజ్యంలో సుమారు పదోవంతు భూమి సర్ఫేఖాస్, అనగా నిజాం స్వంత కమతం. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా ప్రాంతం అందులోనిదే. అక్కడి శిస్తు రాజ్యపు బొక్కసానికి కాక ప్రభువు స్వంత ఖజానాకు చేరేది. రైతుకు రాజే భూస్వామి. రాజుపై ఫిర్యాదు చేయాలంటే రాజు ఉద్యోగికే చేయాలి. "రాజరికంలో ధర్మం నిలిచింది" అనేవారు ఈ ఒక్క విషయాన్ని తలచుకోవాలి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను కేవలం దుష్టునిగా చిత్రించడం కూడా న్యాయం కాదు. 1911లో రాజ్యానికి వచ్చాడు. మూసీ వరదల నుంచి నగరాన్ని కాపాడిన రెండు జలాశయాలు, 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయం ఆయన కాలంలోనివే. పుణ్యపత్తనంలోని భండార్కర్ సంస్థ చేపట్టిన మహాభారత ప్రచురణకు కూడా ఆయన ధనసహాయం చేశాడు. దానం చేయగలిగాడు, అధికారాన్ని పంచుకోలేకపోయాడు. ఈ రెండూ వేర్వేరు గుణాలని మనం తరచు మరచిపోతాం.

అడిగినవారు లేక కాదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్రమహాసభ మొదట అడిగినవి భాష, పాఠశాల, గ్రంథాలయం. 1936లో షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షుడు. నేడు మహేశ్వరం ఉన్న జిల్లాకు ఆయన పేరే. 1978లో జిల్లా ఏర్పడింది. క్రమంగా కోరిక బాధ్యతాయుత ప్రభుత్వం దాకా వచ్చింది. ఆ మాటను గమనించండి: రాజును తొలగించమని కాదు, రాజు ఛత్రచ్ఛాయలో ప్రజలకు జవాబుదారీగా ఉండే మంత్రులను నియమించమని. అంటే వారు కోరినది అచ్చంగా రాజ్యాంగబద్ధ రాజరికమే. 1938లో రాష్ట్ర కాంగ్రెసును నిషేధించి, సత్యాగ్రహులను కారాగారాలకు పంపారు. 1939 జులైలో అరవముదు అయ్యంగార్ సంఘ సూచనల ఆధారంగా వెలువడిన సంస్కరణలలో సభ ఉంది గాని ఆ సభకు మంత్రులు జవాబుదారీ కారు. అవి కూడా అమలులోకి రావడానికి 1946 దాకా పట్టింది. అప్పటికి కాలం మించిపోయింది.

తరువాతి కథ తెలిసినదే. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనికచర్య అయిదు రోజులలో ముగిసింది. 1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది, ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా వెలువడింది. 1950 జనవరి 26 నుంచి ఆయన హైదరాబాదు రాజప్రముఖుడు. ఏటా యాభై లక్షల రూపాయల రాజభరణం. 1952 మార్చిలో ఎన్నికైన తొలి మంత్రివర్గానికి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. కొండా వెంకట రంగారెడ్డి అందులో మంత్రి. పదునాలుగేళ్ల క్రితం సత్యాగ్రహులు అడిగిన ఏర్పాటు ఇదే కదా! వంశపారంపర్య ప్రభువు శిరస్సున, ప్రజలెన్నుకొన్న మంత్రులు కార్యంలో. కాని అది ఏడేళ్లయినా నిలవలేదు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో రాజప్రముఖ పదవి రద్దయింది. పక్కనున్న మైసూరు మహారాజు గవర్నరుగా కొనసాగారు, నిజాం విశ్రమించారు. ఆ పదవి పోయిందని ఈ పల్లెలలో ఎవరూ దుఃఖించినట్లు నేను వినలేదు. ఓడిపోయిన తరువాత ఒప్పుకొన్న నియమం వ్రతం కాదు. వ్రతం స్వయంగా పట్టాలి, సమయానికి పట్టాలి.

ఇదే పాఠాన్ని హిమాలయ రాజ్యాలు రెండూ మన కళ్లెదుటే చూపాయి. నేపాలు 1990లో రాజ్యాంగబద్ధ హిందూరాజ్యమయింది. 2005 ఫిబ్రవరి 1న జ్ఞానేంద్ర మహారాజు అధికారాన్ని తిరిగి చేతిలోకి తీసుకొన్నారు. 2008 మే 28న రాజరికమే పోయింది. పశుపతినాథుని సన్నిధిలో ఆ పీఠం ఉండాలని కోరుకొన్న భక్తులు ఎందరో. దానిని కూల్చినది శత్రువులు మాత్రమే కాదు, అట్టిపెట్టుకోలేని పట్టుదల కూడా. భూటానులో జిగ్మే సింగే వాంగ్చుక్ 1998లోనే కార్యనిర్వహణను మంత్రులకు అప్పగించి, 2001లో రాజ్యాంగ రచనకు ఆదేశించి, 2006లో కుమారునికి సింహాసనం విడిచారు. 2008 నాటి వారి రాజ్యాంగం ప్రకారం రాజు అరువదియైదేళ్లకు విరమించాలి. ప్రజలే "మాకిది వద్దు, మీరే ఏలండి" అన్నారట. అడగకముందే ఇచ్చిన చోట పీఠం నిలిచింది.

మరి మనకు రాజు లేడు. 1971లో ఇరవైయారవ సవరణతో రాజభరణాలూ, గుర్తింపూ పోయాయి. తిరిగి తేవాలని నేను కోరను. కాని రాజు పోయినా రాజు నిలబడే చోటు పోలేదన్నది నా అభిప్రాయం. 1750లో మార్తాండవర్మ తిరువాన్కూరు రాజ్యాన్ని అనంతపద్మనాభునికి సమర్పించి దాసునిగా ఏలాడు. ఆ రాజ్యం భారతదేశంలో కలిసి ఏడు దశాబ్దాలైన తరువాత, 2020 జులైలో, ఆలయసేవలో ఆ వంశపు హక్కును సర్వోన్నత న్యాయస్థానం గుర్తించింది. అధికారం పోయింది, దాస్యం మిగిలింది. నా లెక్కలో మిగిలినదే విలువైనది.

మన భద్రాద్రిలోనూ ఆ చోటు ఉంది. తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆచారం ప్రకారం శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళతాయి. ఒకనాడు ప్రభువు పంపినవి, నేడు ఎన్నికైన ముఖ్యమంత్రో మంత్రో తీసుకొని వెళతారు. ఇక్కడే నాకొక బెంగ. ఏలే చేయి, గౌరవం అందుకొనే శిరస్సు ఒకరివే అయినప్పుడు, కొలువు పొగడ్త కార్యానికి అంటుకొంటుంది. రాజ్యాంగబద్ధ రాజరికం ఉన్న దేశాలు ఈ రెంటినీ విడదీసి ఉంచుకొన్నాయి. మనకు రాష్ట్రపతి, గవర్నరు ఉన్నారు గాని ప్రజల తలపులలో ఆ చోటు వారిది కాలేదు. నిలువెత్తు చిత్రాలు, పాలాభిషేకాలు ఎవరికి జరుగుతున్నాయో చూస్తే తెలుస్తుంది.

కల్యాణమంటపంలో మాత్రం ఆ పొరపాటుకు తావులేదు. ముత్యాల పళ్లెం తెచ్చినవారు ఎవరైనా దానిని అర్చకుల చేతిలో పెట్టి పక్కకు జరుగుతారు. తలంబ్రాలు పడేది సీతారాముల శిరస్సుల మీదే.