మంత్రసాని వృత్తి: దాని పూర్వోత్తరములు

ఒక కులము తన చరిత్రను వ్రాసికొనునపుడు రాజు లిచ్చిన మాన్యములను, శాసనములయందలి పేర్లను, పండితులైన పూర్వులను వెదకుట లోకమున పరిపాటి. అది తప్పు గాదు. కాని నాయీ బ్రాహ్మణులమైన మన చరిత్రలో సగభాగము శాసనముల కెక్కలేదు. అది పురిటిగదులలో, ఆముదపు దీపముల వెలుగున, అర్ధరాత్రులయందు జరిగినది. దానిని జరిపినవారు మన స్త్రీలు. వారినిగూర్చి నాలుగు మాటలు ఈ సంచికయందు వ్రాయుట మన ధర్మమని యెంచి మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మన పురుషుల వృత్తులు లోకవిదితములు. క్షౌరము, పుండ్లు కోసి కట్టుకట్టుట, ఎముకలు సరిచేయుట, మంగళవాద్యము వాయించుట వంశపరంపరగా వచ్చినవి. ధన్వంతరిని మూలపురుషునిగా మనవారు స్మరించుట యిందువలననే. పెండ్లినాడు మన సన్నాయియు, కర్మనాడు మన కత్తియు గ్రామమునకు కావలసివచ్చినట్లే, పుట్టుక నాడు మన స్త్రీ చేయి కావలసివచ్చెను. ఆమెయే మంత్రసాని. తమిళదేశమున మన వృత్తివారి స్త్రీలను మరుత్తువచ్చి యనిరి. ఉత్తరదేశమున నాయిని బాలింతకును శిశువునకును నూనె మర్దించి నలుగు పెట్టినది. అయినను ఈ వృత్తి మన కొక్కరికే చెందినదని చెప్పుట సత్యము గాదు. తెలుగు పల్లెలలో చాకలి, మాల, మాదిగ స్త్రీలును ఈ పని చేసిరి. ఈ గౌరవమున వారికిని సమానభాగము కలదు.

ఈ వృత్తి యొక్క ప్రాచీనత సందేహింపదగినది గాదు. చరకసంహితలోని శారీరస్థానమున తొమ్మిదవ మాసమునకు ముందే సూతికాగృహమును నిర్మింపవలెనని విధి కలదు. సుశ్రుతుడు శారీరస్థానము పదియవ అధ్యాయమున ప్రసవవేళ పరిచర్య చేయదగిన స్త్రీలు నలుగురనియు, వారు వయసు ముదిరినవారును, పురుడు పోయుటయందు నేర్పరులును, గోళ్ళు తీయించుకొన్నవారునై యుండవలెననియు చెప్పెను. బొడ్డును ఎనిమిది అంగుళముల దూరమున దారముతో కట్టి కోయవలెనని కూడ ఆయన నిర్దేశించెను. గోళ్ళను గూర్చిన ఆ యొక్క మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. దాని విలువ ముందు తెలియగలదు.

స్త్రీ మంత్రసాని యగుట ఎట్లు? దానికి బడి లేదు, పట్టా లేదు. తల్లివెంటనో అత్తవెంటనో కాన్పులకు వెళ్ళి, మొదట నీళ్ళు కాచి, పాతబట్టలు అందించి, బాలింత నడుము పట్టి, కొన్ని యేండ్లకు బిడ్డను పట్టుట నేర్చికొనెడిది. తనకు బిడ్డలు పుట్టి పెరిగినపిదపనే ప్రధానముగా నిలుచుట వాడుక. భర్త పోయి పిల్లల పోషణభారము మీద పడినపుడు దీనిలో దిగినవారును పెక్కుమంది. వారికి పుస్తకము చేతివ్రేళ్ళే. కడుపుమీద చేయి పెట్టి తల యెటనున్నదో, నొప్పులు నిజమైనవో కావో, మాయ పడినదో లేదో చెప్పగలిగెడివారు. గర్భిణిని మంచముపై పరుండబెట్టక, నడిపించియు, గొంతుక కూర్చుండబెట్టియు, దూలమునకు కట్టిన త్రాటిని పట్టుకొనుమనియు కాన్పు చేయించెడివారు. పలుచోట్ల మాయ పడువరకు బొడ్డు కోసెడివారు గారు. కాన్పయిన పిదప బాలింతకు కాయము తినిపించుట, వేడినీళ్ళ స్నానము, శిశువును కాళ్ళపై వేసికొని నలుగు పెట్టుట పదిదినములు వారి పనియే.

మంత్రసానితన మొప్పుకొన్న పిదప ఏది వచ్చినను పట్టవలసినదే యని తెలుగున సామెత కలదు. దీనిని జనులు పరిహాసమునకు వాడుచున్నారు. మాకు మాత్రము అందులో ఒక ధర్మశాస్త్రము కానవచ్చుచున్నది. వర్షము కురియుచున్నను, తన బిడ్డకు జ్వరమైనను, పిలుపు వచ్చినయింట వెనుక కూలిబాకీ యున్నను ఆమె వెళ్ళవలసినదే. నడుమ విడిచిపోవుటకు వీలులేని పని అది.

ఇందులకు ప్రతిఫలమేమి? కళ్ళములలో కుటుంబమున కిచ్చెడి మేరయందే కొన్నియెడల ఇదియు కలిసిపోయెడిది. విడిగా నిచ్చినచో చేటెడు బియ్యము, పాతచీర, రవికగుడ్డ, తాంబూలము, కొలదిగా రొక్కము. మగబిడ్డ పుట్టినచో కొంత యెక్కువ, ఆడబిడ్డ పుట్టినచో కొంత తక్కువ. నొప్పులవేళ చేతులు పట్టుకొని తల్లీ నీవే దిక్కని వేడినవారే, పురుడు వెళ్ళిన పిదప గడప వెలుపల నిలువుమనిరి. పురిటిమైల అందరికి పదిదినములలో పోయెడిది. దానిని కడిగిన చేతికి మాత్రము జన్మాంతము పోకుండెడిది. మన యిండ్లలో చదువుకొన్న పిల్లలు తమ అవ్వ మంత్రసాని యని చెప్పుటకు నేటికిని సంకోచించుటకు మూలము ఈ యవమానమే యని మే మెంచుచున్నాము.

మా నాయనమ్మయు ఈ పని చేసినది. మా తాతగారు వారమున కొకమారు ఆమె గోళ్ళు స్వయముగా తీసెడివారు. తీసి, వ్రేళ్ళ కొసలను తన బుగ్గకు రాచుకొని గరుకు లేదని తెలిసికొన్న పిదపనే విడిచెడివారు. సుశ్రుతుని పేరైన వారిరువురు విని యుండలేదు. అయితే అంత జాగ్రత్తగల యా చేతులమీదుగా పుట్టిన మా పినతండ్రిగారి తొలిబిడ్డ పాలు పట్టలేక, దవడలు బిగిసి, ఎనిమిదవనాడు పోయెను. గ్రహము సోకినదని ఇంటివారనుకొనిరి. అది ధనుర్వాతమనియు, బొడ్డు కోసిన కొడవలినుండియో, పైన అద్దిన బూడిదనుండియో వచ్చినదనియు ఆమెకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

ఈ విషయమును దాచిపెట్టి పూర్వుల కీర్తిని పాడుట మాకు సమ్మతము గాదు. కాచని కొడవలి, బ్లేడు, బొడ్డుపై బూడిద, పేడ, కడుగని చేయి లోపల పెట్టుట, నొప్పులు ముదురకమునుపే కడుపు నొక్కుట, ముర్రుపాలు పిండి పారబోయించుట – ఇవన్నియు జరిగినవి. బిడ్డ అడ్డము తిరిగినపుడు, రక్తస్రావము నిలువనపుడు వారివద్ద ఉపాయము లేకపోయెను. ఎందరో తల్లులును శిశువులును నశించిరి. 1943వ సంవత్సరమున నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోరు సంఘము, దేశమున సజీవజననములు వేయింటికి సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరనియు, ఏటేట ఆ సంఖ్య రెండు లక్షలదాక నుండెననియు అంచనా వేసెను.

కాని ఇది మంత్రసాని పుట్టుకలోని దోషమా, జ్ఞానము అందకపోవుటవలని దోషమా? ఈ ప్రశ్నకు వియన్నా నగరము సమాధానము చెప్పినది. అచటి పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతిశాల లుండెను. ఒకదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పనిచేసిరి. 1846లో వైద్యుల శాలలో నూటికి 11 మందికి పైగా తల్లులు సూతికాజ్వరమున మరణింపగా, మంత్రసానుల శాలలో మరణించినవారు నూటికి ముగ్గురికి లోపే. శవములను కోసిన చేతులతోనే వైద్యులు బాలింతలను ముట్టుచున్నారని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, 1847లో సున్నపు క్లోరిను నీళ్ళతో చేతులు కడుగుట నిర్బంధము చేయగా మరణములు వెంటనే తగ్గెను. చంపినది కులము గాదు, మైల గాదు, కడుగని చేయి. ఆ చేయి పట్టభద్రునిదైనను ఫల మొక్కటియే. గోళ్ళు తీసికొనుమన్న సుశ్రుతుని మాటకును, వియన్నా వైద్యుని మాటకును తాత్పర్య మొక్కటియే గదా!

ఇక మన దేశమున నూతనమార్గము లేర్పడిన క్రమమును చెప్పెదము. చెన్నపురియందు 1844లో ప్రసూతివైద్యశాల స్థాపింపబడెను. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు ఆనా కూగ్లరు అను అమెరికా వనిత 1898లో అచట ఆసుపత్రి నెలకొల్పెను. స్త్రీలకు వైద్యసహాయము కలిగించుటకై 1885లో డఫరిన్ ప్రభ్వి పేర నిధి యేర్పడెను. 1903లో కర్జను ప్రభ్వి నెలకొల్పిన విక్టోరియా స్మారక విద్యార్థివేతన నిధి, వంశపరంపరగా వచ్చుచున్న మంత్రసానులకే శిక్షణ యిప్పించుటకు ఉద్దేశింపబడినది. 1926లో చెన్నరాజధానియందు నర్సులను మంత్రసానులను నమోదు చేయు చట్టము వచ్చెను. నాటినుండి ఈ వృత్తికి రెండు త్రోవ లేర్పడెను. ఒకటి చదువు, పరీక్ష, పట్టా గల త్రోవ. రెండవది అవ్వనుండి మనుమరాలికి వచ్చు త్రోవ. అక్షరము లెరుగని మన స్త్రీలలో మిక్కిలిమంది రెండవదానియందే నిలిచిపోయిరి. భోరు సంఘమువారు సైతము చదివిన మంత్రసానులు చాలినందరు లభించువరకు పాతవారికే శిక్షణ యిచ్చి వాడుకొనుట తప్పదనిరి.

స్వాతంత్ర్యానంతరము పల్లెలకు నర్సమ్మలు వచ్చిరి. ప్రభుత్వము మంత్రసానులను పిలిచి శిక్షణ యిచ్చెను. చేతులు, పురిటిచోటు, బ్లేడు, కట్టుదారము, బొడ్డు – ఈ ఐదును శుభ్రముగా నుండవలెనని బోధించెను. మా నాయనమ్మయు ఆ శిక్షణకు వెళ్ళినది. తిరిగివచ్చిననాడు పొయ్యిమీద నీళ్ళు తెర్లుచుండగా బ్లేడును అందులో వేసి, చాలసేపు మాటలాడక చూచుచు కూర్చుండెనని మా అత్తగారు చెప్పెడివారు. ఆ పిదప ఆమె పట్టిన బిడ్డలలో ఒక్కరికిని ధనుర్వాతము రాలేదని కూడ చెప్పెడివారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు కలిసి ఫలించినవి. పురిటిబిడ్డల ధనుర్వాతము తొలగినదని 2003లో ఆంధ్రప్రదేశమునందును, 2015లో భారతదేశమంతటను నిర్ధారింపబడెను. ఆ విజయమున పేరు లేని మంత్రసానుల పాలును కలదు.

1992-93 నాటి కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున సుమారు మూడవవంతు కాన్పులు మాత్రమే ఆసుపత్రులలో జరిగినట్లు తేలెను. తక్కినవి ఇండ్లలోనే జరిగినవి. 2005లో జననీ సురక్షా యోజనయు, ఆ యేడే ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున 108 బండ్లును మొదలయ్యెను. 2019-21 సర్వే నాటికి ఆసుపత్రి కాన్పులు ఆంధ్రప్రదేశమున నూటికి 96.5, తెలంగాణమున 97 అయ్యెను. 2018-20లో లక్ష సజీవజననములకు తల్లుల మరణములు ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43 మాత్రమే. ఇది మహోపకారము. ఇంటికాన్పులకు మరలిపొమ్మని మేము చెప్పబోము. కాని తరతరములుగా గ్రామమును మోసిన ఆ చేతులకు ఒక వీడ్కోలు సభయైన జరిగినట్లు మే మెరుగము. ఒకనాటినుండి పిలుపు రాలేదు, అంతే.

అయితే కథ అంతటితో ముగియలేదు. అదే సర్వేలో కోతకాన్పులు తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 అని తేలెను. అవసరమైనచోట శస్త్రచికిత్స ప్రాణదాత. అవసరము లేనిచోట అది తల్లికి భారము. సహజప్రసవమునకు ఓర్పుతో ప్రక్కన కూర్చుండువారు కావలెనని ప్రభుత్వములు మరల గుర్తించినవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము కరీంనగరమున నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేకశిక్షణ ప్రారంభించెను. 2018లో భారతప్రభుత్వము దేశమంతటికి మార్గదర్శకములు ప్రకటించి, పదునెనిమిది నెలల శిక్షణ నిర్ణయించెను. గర్భిణిని నడిపింపవలెననియు, ఇష్టమైన భంగిమలో కాన్పు కానీయవలెననియు, తోడుగా ఒక ఆత్మీయుని ఉంచవలెననియు, బొడ్డు కోయుటకు తొందరపడరాదనియు నూతనవిద్య చెప్పుచున్నది. ఇందులో కొంత మన అవ్వలు ఎరిగినదే. ఎరుగనిది ఇప్పుడు శాస్త్రము నేర్పుచున్నది.

కావున సోదరసోదరీమణులకును, పోషకులకును మా విన్నపములు రెండు. పురుడు పోసిన వృద్ధస్త్రీలు మన కుటుంబములలో ఇంకను కొందరు జీవించియున్నారు. వారి పేర్లను, ఊళ్ళను, వారు చెప్పు సంగతులను, మంచిని చెడ్డను వేరుచేయక, వారి యనుమతితో వ్రాయించి భద్రపరుపుడు. రెండవది, మన యాడపిల్లలలో నర్సువిద్యకు పోగోరు వారికి రుసుముల నిచ్చి, మంత్రసాని శిక్షణదాక చదివింపుడు. అవ్వకు గడప వెలుపల దొరకిన స్థానము మనుమరాలికి ప్రసూతిశాలయందు పట్టాతో, జీతముతో, గౌరవముతో దొరకవలెను.

ఆ పిల్ల ఉద్యోగమున చేరిన తొలినాడు గోళ్ళు తీసికొని, చేతులు సబ్బుతో కడిగికొని బాలింతకడకు పోవునుగదా. అప్పుడామె తన పూర్వులను స్మరించినను స్మరింపకున్నను, వారి వృత్తిని వారికన్న చక్కగా నెరవేర్చుచున్నదని మనము నిస్సంకోచముగా చెప్పుకొనవచ్చును.