తూకం బోర్డు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపించినా గౌరవం మాత్రం ఇంగ్లీషు బోర్డుదే. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చినా ఆ మోజు పోలేదు.

1974లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక పత్తి మండీలో తూకం బోర్డు ఇంగ్లీషులో ఉండేది. తూకానికీ, వేచి ఉండటానికీ ఆ భాషలో పలుకు ఒకటే, స్పెల్లింగు వేరు. పెయింటరు రెండోది రాశాడు: పత్తి ఇక్కడ వేచి ఉండాలట! మేం పడీపడీ నవ్వాం.

ఎమ్మిగనూరు వైపు నుంచి బండి కట్టుకొచ్చిన పెద్దాయన అర్థమడిగాడు. చెప్పాను.

"సరిగ్గానే రాసినారు గదా సారూ! పొద్దున్నుంచి కాసుకోనే ఉండాను" అన్నాడు.

మా నవ్వు ఆగిపోయింది. రిటైరయ్యేదాకా నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి నోటీసునూ ముందు తెలుగులోనే రాశాను.