బొమ్మల కుదింపు

బొమ్మల కుదింపు అనగా కంప్యూటరులో భద్రపరచిన ఛాయాచిత్రం, రేఖాచిత్రం, స్కాన్ చేసిన పుట మొదలైనవాటి ఫైలు పరిమాణాన్ని తగ్గించే ప్రక్రియ. వెబ్ పేజీలు త్వరగా తెరుచుకొనుటకు, నిల్వ స్థలం ఆదా అగుటకు ఇది ఉపయోగపడుతుంది. కుదింపు పద్ధతులు రెండు రకాలు. అవి నష్టరహిత కుదింపు, నష్టసహిత కుదింపు. మొదటిదానిలో అసలు బొమ్మను యథాతథంగా తిరిగి పొందవచ్చును. రెండవదానిలో కొంత సమాచారం శాశ్వతంగా పోతుంది.

ఆవశ్యకత

కంప్యూటరు బొమ్మ అసంఖ్యాకమైన చిన్న చిన్న బిందువుల సముదాయం. వీటిని పిక్సెళ్ళు అంటారు. రంగుల బొమ్మలో సాధారణంగా ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అను మూడు విలువలకు 3 బైట్లు కావలెను. 4000 పిక్సెళ్ళ వెడల్పు, 3000 పిక్సెళ్ళ ఎత్తు గల ఛాయాచిత్రంలో 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. కుదించకపోతే దాని పరిమాణం 3 కోట్ల 60 లక్షల బైట్లు, అనగా 36 మెగాబైట్లు. టెలిఫోను తీగపై సెకనుకు 56 కిలోబిట్ల వేగంతో అది చేరుటకు సుమారు 86 నిమిషాలు పడుతుంది. అదే బొమ్మను 800 × 600 పిక్సెళ్ళకు తగ్గించి, ఆపై పదవ వంతుకు కుదిస్తే 144 కిలోబైట్లు అవుతుంది. అది 21 సెకన్లలో చేరుతుంది. నేటి వేగాలు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువైనను, మొబైల్ సంకేతం బలహీనంగా ఉన్న ఊళ్ళలోను, డేటాకు పరిమితి ఉన్నవారికిని ఈ లెక్క ఇప్పటికీ వర్తిస్తుంది.

చరిత్ర

నష్టసహిత కుదింపునకు మూలమైన గణిత ప్రక్రియ వివిక్త కొసైన్ పరివర్తన. బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు (కామిశెట్టి రామమోహనరావు) కలిసి 1974 జనవరిలో దీనిపై పరిశోధనా పత్రాన్ని ప్రచురించారు. రామమోహనరావు అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో గల టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆచార్యుడిగా పనిచేసి 2021లో మరణించాడు. ఛాయాచిత్రాల కుదింపునకు ప్రమాణాన్ని రూపొందించుటకు 1986లో ఏర్పడిన నిపుణుల బృందం ఈ ప్రక్రియనే ఎంచుకొన్నది. 1992లో వెలువడిన ఆ ప్రమాణమే జేపెగ్.

1987లో కంప్యూసర్వ్ సంస్థ జిఫ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులోని కుదింపు పద్ధతిపై పేటెంటు కలిగిన యూనిసిస్ సంస్థ 1994 చివరలో రుసుము కోరుటతో, స్వేచ్ఛగా వాడుకొనదగిన పీఎన్‌జీ పద్ధతి రూపుదిద్దుకొని 1996లో ప్రమాణంగా ఆమోదం పొందింది.

జేపెగ్ పనిచేయు విధానం

మానవ నేత్రం వెలుగులోని తేడాలను గుర్తించినంత బాగా రంగులోని తేడాలను గుర్తించలేదు. కావున ముందుగా బొమ్మలోని వెలుగును, రంగును వేరుచేస్తారు. వెలుగు విలువను ప్రతి పిక్సెల్‌కు ఉంచి, రెండు రంగు విలువలను నాలుగేసి పిక్సెళ్ళకు ఉమ్మడిగా ఉంచవచ్చును. అప్పుడు నాలుగు పిక్సెళ్ళకు 12 విలువలకు బదులు 6 విలువలు చాలును. అనగా సగం భారం ఇక్కడే తగ్గుతుంది.

తరువాత బొమ్మను 8 × 8 పిక్సెళ్ళ గడులుగా విభజిస్తారు. కొసైన్ పరివర్తన వలన ప్రతి గడిలోని 64 విలువలు మరొక 64 సంఖ్యలుగా మారుతాయి. వీటిలో మొదటిది గడి యొక్క సగటును, మిగిలినవి క్రమంగా సూక్ష్మమైన మార్పులను తెలుపుతాయి. ఈ సంఖ్యలను నిర్ణీత విలువలతో భాగించి సమీప పూర్ణాంకానికి సవరిస్తారు. సూక్ష్మమైన మార్పులను తెలిపే సంఖ్యలు అనేకం సున్నాలవుతాయి. అసలు నష్టం జరిగేది ప్రధానంగా ఈ దశలోనే. చివరగా మిగిలిన సంఖ్యలను హఫ్‌మన్ సంకేతాలలో క్లుప్తంగా వ్రాస్తారు.

ఏ బొమ్మకు ఏ పద్ధతి

• జేపెగ్: ఛాయాచిత్రాలకు అనుకూలం. అక్షరాల అంచుల చుట్టూ మసక ఏర్పడుతుంది.
• పీఎన్‌జీ: పటాలు, చిహ్నాలు, అక్షరాలున్న బొమ్మలకు అనుకూలం. నష్టరహితం. ఛాయాచిత్రాలకు వాడితే ఫైలు పెద్దదవుతుంది.
• జిఫ్: ఒక బొమ్మలో 256 రంగులకు పరిమితం. చిన్న కదిలే బొమ్మలకు వాడతారు.
• వెబ్‌పీ: 2010లో గూగుల్ విడుదల చేసింది. రెండు రకాల కుదింపులకూ వీలున్నది.

పాత పుస్తకాల విషయంలో జాగ్రత్తలు

తెలుగు లిపిలో వ–ప, ద–ధ, ధ–థ వంటి అక్షరాల మధ్య భేదం ఒక చిన్న గీత లేదా చుక్క మాత్రమే. మితిమీరి కుదించిన పుటలో ముందుగా చెరిగిపోయేవి ఇవే. 2013లో జెరాక్స్ సంస్థ స్కానింగ్ యంత్రాలు కొన్ని, ఒకే పోలికగల ఆకారాలను ఒకటిగా భావించే కుదింపు పద్ధతి కారణంగా, 6 అంకె స్థానంలో 8 ముద్రించుచున్నట్లు జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ వెల్లడించాడు. పుట స్పష్టంగానే కనిపించుట వలన ఇటువంటి దోషం చదువరి దృష్టికి రాదు. అసలు ప్రతి శిథిలమైన పిదప సరిచూచుకొనుటకు ఆధారం ఉండదు. కావున అరుదైన గ్రంథాల స్కాన్లను నష్టరహిత పద్ధతిలో భద్రపరచి, వెబ్ పేజీకి వేరొక చిన్న ప్రతిని తయారుచేయుట ఉత్తమం.

ఆచరణలో గమనించవలసినవి

1. ముందుగా బొమ్మ కొలతలను తగ్గించి, తరువాత కుదించవలెను. పేజీలో చిన్నదిగా చూపినంత మాత్రాన ఫైలు చిన్నది కాదు. పెద్ద ఫైలే చదువరికి పూర్తిగా దిగుమతి అవుతుంది.
2. జేపెగ్ నాణ్యతను సాధారణంగా 75 నుండి 85 మధ్య ఉంచితే తేడా కంటికి అంతగా కనిపించదు. అయితే ఈ సంఖ్యకు అర్థం అన్ని సాఫ్ట్‌వేర్లలోను ఒకటి కాదు.
3. జేపెగ్ ఫైలును మార్చి మార్చి భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మార్పులను మూల ప్రతిపైననే చేసి కొత్త పేరుతో భద్రపరచవలెను.
4. కెమెరా ఫైలులో తేదీ, తీసిన స్థలం వంటి వివరాలు దాగి ఉండవచ్చును. ప్రచురించే ముందు అవసరం లేనివాటిని తొలగిస్తే గోప్యత నిలుస్తుంది, పరిమాణమూ కొంత తగ్గుతుంది.
5. వికీమీడియా కామన్స్‌కు ఎక్కించే బొమ్మలను కుదించనవసరం లేదు. పేజీకి తగిన చిన్న ప్రతులను మీడియావికీ స్వయంగా తయారుచేస్తుంది.