మన్యపు సంత: వనఫలవర్తక చరిత్రము

ఐతరేయబ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానమున ఆంధ్రులును శబరులును ఒక్కపట్టుననే పేర్కొనబడియున్నారు. ఆంధ్రుల పూర్వచరిత్రమును వ్రాయువారు ఈ వాక్యమును మొదట నుదాహరించుట పరిపాటి. కాని యందు ఆంధ్రుల సరసను నిలిచిన శబరులను గూర్చి విచారించినవారు తక్కువ. ఆ శబరుల సంతతివారుగా తలపబడు సవరలు నేటికిని శ్రీకాకుళ పార్వతీపుర మన్యములందు నివసించుచున్నారు. వారికిని, వారి పొరుగువారగు జాతాపులు, గదబలు, కొండదొరలు మున్నగువారికిని మైదానపు టాంధ్రులతో నేర్పడిన సంబంధములలో ముఖ్యమైనది వర్తకము. చింతపండు, కందులు, పసుపు, కుంకుడుకాయ, కొండచీపురు, అడ్డాకు, తేనె కొండనుండి దిగుచుండును. ఉప్పు, బట్ట, ఎండుచేప, పొగాకు, ఇనుము కొండకెక్కుచుండును. ఈ రాకపోకల చరిత్రమును పరిశీలించిన కొలది, చెట్టెవ్వరిదను ప్రశ్నకంటె కొలత యెవ్వరిదను ప్రశ్నయే గిరిజనుని బ్రదుకు నెక్కువగా నిర్ణయించినట్లు తేటపడును.

వంశధారా నాగావళీ నదుల పరీవాహమున, మహేంద్రగిరి మొదలు సాలూరు కొండలవఱకు వ్యాపించిన యీ సీమ పూర్వము గంజాం, విశాఖపట్టణ మండలములందు చేరియుండెను. కురుపాము, మేరంగి, సాలూరు, పాచిపెంట, పర్లాకిమిడి మొదలగు సంస్థానముల ప్రభువులు దీని నేలిరి. 1936వ సంవత్సరమున ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రము కాగా పర్లాకిమిడి పట్టణ మావలికి పోయెను. టెక్కలి, పాతపట్నము ప్రాంతములు ఈవల నిలిచెను. 1950లో శ్రీకాకుళమును, 1979లో విజయనగరమును, 2022లో పార్వతీపుర మన్యమును ప్రత్యేకమండలములయ్యెను. ఎల్లలిట్లు పలుమాఱులు మాఱినను కొండవాని కావడి మాత్రము దగ్గఱి సంతకే నడచుచు వచ్చినది.

పోడు వ్యవసాయమును అడవి నఱికి తగులబెట్టుటగా మాత్రమే వర్ణించుట వాడుక. కాని పోడు కొట్టునపుడు సవర చింతను, పనసను, మామిడిని, ఇప్పను నఱుకక విడిచిపెట్టును. ఆ చెట్లనడుమ చోళ్లు, సామలు, కొఱ్ఱలు, జొన్నలు, కందులు పండింతురు. ఒక పైరు తప్పినచో నింకొకటి, పైరులన్నియు తప్పినచో చెట్టు: ఇదియే ఆ సేద్యమునందలి లెక్క. సెలయేళ్ల వెంబడి ఱాతికట్టులతో మెట్లుమెట్లుగా వారు తీర్చిన వరిమళ్లు చూపఱుల నాశ్చర్యపఱచినవి. పలుచోట్ల ఫలవృక్షము కుటుంబపు సొత్తు; తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. మామిడికొత్త, కందికొత్త మొదలగు పండుగలు చేయకమున్ను ఆ క్రొత్తపంటను నోట పెట్టరాదను నియమము కలదు. చింతపండు మాఘమునుండి చైత్రమువఱకు చేతికివచ్చును. ఆషాఢశ్రావణములలో గింజలు నిండుకొనును. అప్పుడు మామిడిటెంకల పిండితో కాచిన అంబలియే పెక్కు కుటుంబముల కాధారము. చెట్టు కాపునకును ఆకలిదినములకును నడుమనున్న ఈ కొద్దినెలల యెడమే షావుకారునకు ద్వారమైనది.

కొండవాని కన్నిటికంటె కావలసినది ఉప్పు. అది సముద్రతీరమున నౌపడా మున్నగుచోట్ల పండును. పూర్వము లంబాడీల పెరికెటెద్దులు ఉప్పును కనుమల మీదుగా లోనాడులకు చేర్చి, మఱలివచ్చునపుడు ధాన్యమును కొండసరకును తెచ్చుచుండెను. సాలూరు, పార్వతీపురములు కొండకును మైదానమునకును వాకిళ్లగుటచే వర్తకస్థానములై వృద్ధిపొందెను. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడచెను. 1909 ప్రాంతమున విజయనగరమునుండి పార్వతీపురమునకు రైలుమార్గ మేర్పడెను. 1913లో బొబ్బిలినుండి సాలూరునకు శాఖ వేయబడెను. 1931లో పార్వతీపురపు మార్గము రాయపురమువఱకు పూర్తియయ్యెను. రైలు రాకతో చింతపండు దూరపు బజారులకు పోవుట సులభమయ్యెను. కాని రైలుస్టేషనునందలి ధరయు, కొండసంతయందలి ధరయు ఒకరి కొకరు తెలిసికొను దారి గిరిజనునకు లేదు. ఆ రెండును తెలిసినవాడు నడుమనున్న వర్తకు డొక్కడే.

ఆ వర్తకుడు చేసిన పనిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. జ్వరముల కాకరమగు నా కనుమలలో సరకు మోయించుట, నిలువచేయుట, అది చెడిపోయిన నష్టమును భరించుట అతనివంతు. ఆకలినెలలలో గింజలు పెట్టువాడును అతడే. అయితే అప్పు తీర్చు పద్ధతియందే చిక్కు కలదు. వర్షాకాలమున తీసికొన్న గింజలకు చింతపండు రాలునపుడు చింతపండే యీయవలెను. దాని వెల నప్పిచ్చినవాడే చెప్పును, కుంచమును అతనిదే, పద్దును అతనిదే. ఇచ్చుట కొక కుంచము, పుచ్చుకొనుట కొక కుంచము కలదను ఫిర్యాదు మన్యమునందంతట వినవచ్చెడిది. అప్పు తీరనిచో చింత, పనస, మామిడిచెట్లు తాకట్టుపడెను. చెట్టు నాటినవాడే దానికి కాపరియై, కాయ లితరుని కొట్టునకు మోసికొనిపోవుచుండెను.

భాషావేత్తలు గమనింపదగిన విషయ మిందొకటి కలదు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడియందు సవరభాషను నేర్చి, సవరబాలురకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును వెలయించెను. ఆ భాషయందు పండ్రెండువఱకు సంఖ్యలకు వేర్వేఱు నామములు కలవు. పదుమూడనగా పండ్రెండు నొకటి. ముప్పదిమూడనగా ఇరువదియు పండ్రెండు నొకటి. ఈ లెక్క తనంతట తాను సక్రమమైనదే. కాని షావుకారి పద్దు తెనుగుననో ఒడియాభాషనో పదులతోడను, రూపాయకు పదునాఱణాలతోడను నడచెడిది. అప్పుపడినవాడు తన లెక్కను మఱియొక భాషలోనికి, మఱియొక గణనలోనికి మార్చుకొని సరిచూచుకొనవలసి యుండెను. చదువు లేనిచోట నది దుర్ఘటము. కావున రామమూర్తి సవరబాలురకు చెప్పించిన చదువు భాషాసేవయే కాక, సంతలో కొలత సరిచూచుకొను శక్తినిచ్చు సాధనమును అయ్యెనని చెప్పవచ్చును.

ప్రభుత్వము దీనిని గమనింపకపోలేదు. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాం విశాఖపట్టణ మండలముల కొండసీమలు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, గవర్నరు ఏజెంటగు కలెక్టరు పాలన క్రిందికి వచ్చెను. ఏజెన్సీ యను పేరున కిదియే మూలము. 1917వ సంవత్సరపు మద్రాసు చట్టము కొండజాతులవారి భూమి ఏజెంటు అనుమతి లేక ఇతరులకు చెల్లరాదని శాసించెను; ఏడాదికి నూటికి 24 వంతులకు మించి వడ్డీ గొనరాదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు నిర్ణయించెను. ఈ చట్టము సదుద్దేశముతోనే పుట్టినది. అయినను వడ్డీ రూపాయలలో లెక్కింపబడుచుండగా చెల్లింపు చింతపండుతో జరుగుచుండెను. చింతపండు వెలను సగముచేసి కట్టినచో, వడ్డీని పెంచకయే అప్పును రెట్టింపు చేయవచ్చును. చట్టము వడ్డీకి హద్దు పెట్టెను, వెలకు పెట్టలేదు. ఆ సందుననే పాతవర్తకము నిలిచినది.

ఈ లోపమును పూరింపవలెననియే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా, నేడు గిరిజన సహకార సంస్థ యనబడు సంఘము స్థాపింపబడెను. సంతలలో అటవీఫలములను నిర్ణీతమైన వెలకు కొని, ఉప్పు, బియ్యము మొదలగు వస్తువులను డిపోలద్వారా అమ్ముట దాని పని. 1959లో భూమి బదలాయింపును గూర్చియు, 1960లో వడ్డీవ్యాపారమును గూర్చియు నిబంధనలు వెలువడెను. కాని శాసనము కాగితమునుండి కొండ నెక్కుటకు కాలము పట్టెను. ఆ కాలముననే గిరిజనసంఘములు కూలిరేట్లు, పోడుభూములు, అటవీఫలముల న్యాయమైన వెల అను కోరికలతో లేచెను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులలో ఇరువురు లేవిడియొద్ద కాల్పులలో మడిసిరి. ఆవల చెలరేగిన సాయుధపోరాటము 1970 జూలైలో నాయకులగు వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము మరణించువఱకు తీవ్రముగా నడచెను. ఆ 1970వ సంవత్సరముననే భూమి నిబంధన కఠినతరముగా సవరింపబడెను. 1979వ సంవత్సరపు నిబంధనచే అటవీఫలములను కొను ఏకైకాధికారము సహకారసంస్థకు దక్కెను.

ఏకైకాధికారమున గుణదోషములు రెండును కలవు. తూనిక ప్రభుత్వపుతూనిక యయ్యెను. వెల ముందుగనే ప్రకటింపబడెను. కాని సంస్థవారు సకాలమునకు రాకున్నను, సొమ్ము ఆలస్యమైనను, అమ్మువానికి వేఱొక దారి లేకపోయెను. అందుచే పాతవర్తకుడు చాటున నిలిచియే యుండెను. 1996వ సంవత్సరపు పెసా చట్టమును, 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టమును ఈ ఫలములపై స్వామ్యము గ్రామసభలకును అడవియందు వసించువారికిని కలదని గుర్తించెను. 2013–14లో కేంద్రప్రభుత్వము కొన్ని యటవీఫలములకు కనీసపు మద్దతువెల నేర్పఱచెను. 2020లో గింజతోడి చింతపండునకు కిలో 36 రూపాయలని నిర్ణయించెను. గింజయు పీచును తీసిన చింతపండు వెల యంతకంటె హెచ్చు. ఆ గింజపిండి నూలు, జనుము మిల్లులలో గంజికి పనికివచ్చును. చింతపండు నిలువయున్నచో నల్లబడును. శీతలపు గిడ్డంగి కలవాడు వెల పెరుగువఱకు వేచియుండును, లేనివాడు రాలిననాడే యమ్మును. సంత కొలత సరియైనను, ఆ కొలతకు పిమ్మట పెరుగు విలువ కొండక్రిందనే మిగిలిపోవుచున్నది.

ఈ విషయమునకు జీడిమామిడి చరిత్రము మఱింత సాక్ష్యమిచ్చును. తెనుగున జీడి యనునది మొదట భల్లాతకమునకు పేరు. చాకలివారు గుడ్డలపై గుర్తు పెట్టు నల్లజీడి యదియే. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన క్రొత్తచెట్టు పిక్కయందును అట్టి కాల్చు రసమే యుండుటచే దానికి జీడిమామిడి యను పేరు పొసగినది. జీడి, మామిడి, జీడిమామిడి మూడును ఒకే కుటుంబపు వృక్షములని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చుటచే నీ పేరు పెట్టిన పల్లెవారి చూపు ఎంత సూక్ష్మమో తెలియుచున్నది. ఈ చెట్టు ఉద్దానపు టిసుకనేలలలో స్థిరపడి, 1970 తరువాత సీతంపేట, పార్వతీపుర ప్రాంతముల పోడుకొండలకును ప్రాకెను. పలాస–కాశీబుగ్గ జంటపట్టణములందు వందలకొలది కర్మాగారములు వెలసినవి. పిక్కను ఎండబెట్టి, కాల్చియో ఆవిరి పట్టించియో, పెంకు పగులగొట్టి, పొర ఒలిచి, పప్పును ఏఱుదురు. పెంకురసము చేతుల నొక్కుటకు వెఱవక ఆ పని చేయువారిలో స్త్రీలే యెక్కువ. పప్పునకు 180, 210, 240, 320 అని తరగతులు కలవు; ఒక పౌను తూగుట కెన్ని పప్పులు కావలెనో తెలుపు సంఖ్య లివి. సంఖ్య తగ్గినకొలది పప్పు పెద్దది, వెల హెచ్చు. ఇంత సూక్ష్మమైన తరగతులు మిల్లునందే కలవు. కొండవాడు మాత్రము 80 కిలోల బస్తా లెక్కను పిక్కలమ్మును. ఆ బరువులో పప్పు ఇంచుమించు నాలుగవ వంతే. ఆ బస్తావెలయు ఆఫ్రికాఖండమునుండి దిగుమతియగు పిక్కల వెలనుబట్టి యెక్కుచు దిగుచు నుండును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు జీడితోటలను కొబ్బరితోటలను కూల్చినపుడు, మరల నాటిన చెట్టు నిండుగా కాయుటకు పట్టు ఏండ్ల నష్టము రైతుదే యయ్యెను. మిల్లునకు దూరపు పిక్క దొరకినది.

పై విషయములనుబట్టి యొకటి విశదమగుచున్నది. చెట్టుపై హక్కు, భూమిపై హక్కు, వడ్డీపై హద్దు ఒక్కొక్కటిగా శాసనములచే లభించినవి. అవి రక్తము చిందకయు రాలేదు. కాని కొలత, నిలువ, తరగతి యేర్పాటు అను మూడును ఎవరి చేతనున్నవో వారికే లాభము చేరుచు వచ్చినది. గింజ తీయుటయు, పప్పు ఏఱుటయు, గిడ్డంగి తాళమును కొండమీది గ్రామసంఘముల వశమైననాడే మన్యపు సంత సమమగును. శ్రుతివాక్యమున ప్రక్కప్రక్కల నిలిచిన ఇరుజాతులును సంతయందు ఒకే తూనికకు సమముగా నిలుచుట ఇంకను జరుగవలసియున్నది.